చదివిన చోటు, కట్టే ఫీజు

1950ల మొదట్లో ఢిల్లీ నుంచి ఒక కుర్రాడు ఇందోర్ వెళ్ళి మహాత్మాగాంధీ మెమోరియల్ మెడికల్ కాలేజీలో చేరాడు. ఇందోర్ అప్పుడు మధ్యభారత్ రాష్ట్రంలో ఉండేది. అదే తరగతిలో కూర్చున్న స్థానిక విద్యార్థి మామూలు ఫీజుతో సరిపెట్టుకుంటుంటే, బయటి రాష్ట్రం నుంచి వచ్చినవాడు దాని మీద క్యాపిటేషన్ ఫీజు కూడా కట్టాలన్నారు. ప్రభుత్వాలు నామినేట్ చేసి పంపినవాళ్ళకయితే 1,300 రూపాయలు, మిగతావాళ్ళకు 1,500. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. ఆ కుర్రాడు నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. రాజ్యాంగం అమల్లోకి వచ్చి అప్పటికి నాలుగైదేళ్ళే. ఒకే దేశపు పౌరులం, ఒకే పరీక్ష రాస్తాం, ఫీజు మాత్రం రెండు రకాలుగా ఎందుకుండాలన్నది అతని వాదన.

1955 జనవరిలో వచ్చిన డి.పి.జోషి వర్సెస్ మధ్యభారత్ తీర్పును మన దేశంలో 'నీది ఏ ఊరు, నువ్వెంత కట్టాలి' అన్న ప్రశ్నకు మొదటి పెద్ద జవాబుగా చెప్పుకోవాలి. అయిదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు రాష్ట్రానికే ఓటేశారు. మెజారిటీ తరఫున జస్టిస్ వెంకటరామ అయ్యర్ చెప్పిన తర్కం సూటిగా ఉంటుంది. రాజ్యాంగంలో 15వ అధికరణం పుట్టిన చోటును బట్టి వివక్ష చూపకూడదంటుంది. పుట్టిన చోటు వేరు, నివాసం వేరు. కాలేజీ నడిచేది రాష్ట్ర ప్రజల డబ్బుతో. అక్కడ చదివిన స్థానికుడు రేపు డాక్టరై అక్కడే వైద్యం చేసే అవకాశం ఎక్కువ. కాబట్టి అతనికి ఫీజు తగ్గించడం సమానత్వానికి భంగం కాదు. ఉద్యోగాల గురించి చెప్పే 16వ అధికరణంలో పుట్టిన చోటుతో పాటు నివాసాన్ని కూడా నిషిద్ధ కారణాల్లో చేర్చారు. చదువుల దగ్గరకు వచ్చేసరికి నివాసం ఆ జాబితాలో లేదు. ఆ సందులోంచే తర్వాతి డెబ్భై ఏళ్ళ కథ నడిచింది. ఒరిస్సా హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి వచ్చిన జస్టిస్ జగన్నాథదాస్ ఒక్కరే ఈ తీర్పుతో విభేదించారు.

ఆ కేసులో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మధ్యభారత్ ప్రభుత్వం 'స్థానికుడు' ఎవరో చెప్పడానికి రాసుకున్న నియమం. మొదటి నుంచీ అక్కడివాళ్ళు సరే. బయటి నుంచి వచ్చి స్థిరపడి అయిదేళ్ళు నిండినవాళ్ళనూ అది కలుపుకుంది. 1948 సెప్టెంబరు 30 లోపు పాకిస్తాన్ నుంచి వలస వచ్చి, అక్కడే శాశ్వతంగా ఉండదలచుకున్నవాళ్ళనూ కలుపుకుంది. అన్నీ పోగొట్టుకుని వచ్చిన కాందిశీకుడి కొడుకును అయిదేళ్ళు ఆగమనకుండా, ఇక్కడ ఉండాలన్న మనసుంటే చాలు మావాడివే అంది. స్థానికత అంటే గోడ కట్టడమేనని ఈ రోజు అనిపిస్తుంది గానీ, అప్పుడు ఆ నియమం రాసినవాళ్ళు ఒక తలుపు కూడా పెట్టారు.

తర్వాత రాష్ట్రాలు ఫీజు తేడా కన్నా సీటు తేడా మీద ఎక్కువ మనసు పెట్టాయి. పదేళ్ళ నివాసం ఉంటేనే మెడికల్ సీటన్న మైసూరు నియమాన్ని 1971లో సుప్రీంకోర్టు సమర్థించింది. మెడికల్ సీట్లన్నీ స్థానికులకే అంటే కుదరదని 1984లో ప్రదీప్ జైన్ కేసులో హద్దు గీసింది. వీటి మధ్యలో, 1974లో, మన దగ్గర జరిగిన మార్పు నా దృష్టిలో వీటన్నిటికన్నా విలువైనది.

హైదరాబాద్ సంస్థానంలో 1919 నాటి ముల్కీ నిబంధనల ప్రకారం ముల్కీ, అంటే స్థానికుడు, అనిపించుకోవాలంటే పదిహేనేళ్ళ నివాసం ఉండాలి. అవి ఉద్యోగాల కోసం పుట్టిన నిబంధనలు. 1969 తెలంగాణ ఉద్యమం, 1972లో ఆ నిబంధనలు చెల్లుతాయన్న సుప్రీంకోర్టు తీర్పు, దాని మీద భగ్గుమన్న జై ఆంధ్ర ఉద్యమం, ఆ తర్వాత 1973 సెప్టెంబరులో ఆరుసూత్రాల పథకం, 32వ రాజ్యాంగ సవరణ, 371డి అధికరణం. దాని కింద 1974 జూలై 1న విద్యాసంస్థల ప్రవేశాల మీద రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. ఆంధ్రా, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీల పరిధులను మూడు స్థానిక ప్రాంతాలుగా తీసుకుని 85 శాతం సీట్లు ఆ ప్రాంతపు స్థానికులకు కేటాయించింది.

స్థానికుడు ఎవరు? మీ తాత ఎక్కడివాడని ఆ ఉత్తర్వు అడగలేదు. నువ్వెక్కడ పుట్టావనీ అడగలేదు. అర్హత పరీక్ష రాసే ఏడాదితో కలిపి వరసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివావని అడిగింది. అది కుదరకపోతే ఏడేళ్ళు చూసి, అందులో ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడివాడివని తేల్చింది. బడికే వెళ్ళకుండా ప్రైవేటుగా పరీక్ష కట్టినవాళ్ళకు నివాసం చూడమంది. బదిలీల మీద తిరిగే ఉద్యోగుల పిల్లల కోసం, తల్లిదండ్రుల్లో ఒకరైనా పదేళ్ళు రాష్ట్రంలో ఉన్న కుటుంబాల కోసం మిగతా 15 శాతంలో చోటు ఉంచింది.

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు వెళ్ళిన ప్రతి తెలుగు ఇంట్లోనూ ఈ నియమం ఒక ఫైలు రూపంలో ఉంటుంది. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, కులం, ఆదాయం సర్టిఫికెట్లు. బడి మూతపడి సర్టిఫికెట్ దొరకని ఏడాదికి మీసేవలో దరఖాస్తు పెట్టి తహసీల్దార్ దగ్గర తెచ్చుకున్న నివాస ధ్రువీకరణ. హెల్ప్‌లైన్ సెంటర్లో పరిశీలన టేబుల్ దగ్గర కూర్చున్న లెక్చరర్ వేలు పెట్టి ఒక్కో ఏడాదీ లెక్కపెడతాడు. ఏడో తరగతి కాగితం మీద హెడ్మాస్టర్ సీలు సరిగ్గా పడకపోతే పక్కన కూర్చోమంటాడు. తండ్రి ఫోన్ తీసి ఊళ్ళో ఎవరికో చేస్తాడు. ఆ ఇబ్బందులు నిజమే. అయినా ఆ టేబుల్ దగ్గర ఎవరి వంశవృక్షమూ విప్పరు. వలసవచ్చిన మేస్త్రీ కొడుకైనా, తరతరాలుగా అక్కడే ఉన్న రైతు కూతురైనా ఒకే లెక్క. స్థానికతను కొలవడానికి మన దేశంలో దొరికిన కొలబద్దల్లో ఇంతకన్నా న్యాయమైనది నాకు కనిపించలేదు.

పైగా ఆ ఉత్తర్వు సీట్ల గురించే మాట్లాడింది, ఫీజుల ఊసెత్తలేదు. సీటు వచ్చాక లోకల్, నాన్‌లోకల్ ఒకే క్యాష్ కౌంటర్ దగ్గర ఒకే మొత్తం కట్టారు. స్థానికతను బట్టి ధర పెట్టే పని మన పక్క రాష్ట్రంలో జరిగింది. దాని బరువు మోసినవాళ్ళలో మనవాళ్ళు ఎక్కువమంది ఉన్నారు.

1970, 80 దశకాల్లో ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగ్, మెడికల్ సీట్లు తక్కువ, కోరుకునేవాళ్ళు ఎక్కువ. ఎన్.టి.రామారావు ప్రభుత్వం వచ్చిన 1983లోనే క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ ఇక్కడ చట్టం వచ్చింది. సరిహద్దు దాటితే కర్ణాటకలో ప్రైవేటు కాలేజీలు తలుపులు తెరుచుకుని ఉన్నాయి. కోస్తాలో కాస్త పొలం, రొక్కం ఉన్న కుటుంబాలు పిల్లల్ని బళ్ళారి, రాయచూరు, గుల్బర్గా, దావణగెరె, బెంగళూరు పంపాయి. 'డొనేషన్ కట్టి చదివించాం' అన్న మాట ఆ తరంలో ఇంటింటా వినిపించేది. పొలం అమ్మి కట్టినవాళ్ళున్నారు, కట్నం కింద మామగారు కట్టినవాళ్ళూ ఉన్నారు. మంచి డాక్టర్లు, ఇంజనీర్లు అయినవాళ్ళూ వాళ్ళలో చాలామంది ఉన్నారు. వాళ్ళను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఇంటి దగ్గర సీటు లేదు, అంతే.

1984లో కర్ణాటక కూడా క్యాపిటేషన్ ఫీజును నిషేధించింది. కానీ ఆ చట్టం కిందే 1989 జూన్‌లో ప్రభుత్వం ఒక నోటిఫికేషన్ ఇచ్చి ప్రైవేటు మెడికల్ కాలేజీలకు ఫీజులు ఖరారు చేసింది. ప్రభుత్వ కోటా సీటుకు ఏడాదికి 2,000 రూపాయలు. మిగతా సీట్లలో కర్ణాటక విద్యార్థికి 25,000 మించకూడదు. కర్ణాటక బయటి భారతీయ విద్యార్థికి 60,000 మించకూడదు. ఒకే బల్ల మీద ముగ్గురు, మూడు ధరలు.

ఇందోర్ నియమంతో దీన్ని పోల్చి చూస్తే ఎంత దూరం వచ్చామో తెలుస్తుంది. అక్కడ ప్రజల డబ్బుతో నడిచే కాలేజీలో స్థానికుడికి ఫీజు తగ్గించారు. దానికి ఒక కారణం చెప్పారు: ఈ పిల్లవాడు రేపు మాకే వైద్యం చేస్తాడు. ఇక్కడ కాలేజీ ప్రైవేటుది. బయటివాడి దగ్గర ఎక్కువ గుంజడానికి అనుమతి ఇవ్వడమే తప్ప, స్థానికుడికి చేసిన మేలు పెద్దగా లేదు. కర్ణాటక పిల్లవాడికైనా 25,000 అంటే ప్రభుత్వ సీటుకు పన్నెండు రెట్ల పైమాటే. రాష్ట్రం బయటివాడన్న మాట అక్కడ 'ఎక్కువ ఇచ్చుకోగలవాడు' అన్న అర్థంలోకి జారిపోయింది.

ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ నుంచి మోహినీ జైన్ అనే అమ్మాయి తుమకూరు దగ్గరి శ్రీ సిద్ధార్థ మెడికల్ కాలేజీలో సీటు అడిగింది. మొదటి ఏడాదికి 60,000 కట్టి, మిగతా ఏళ్ళ ఫీజుకు బ్యాంకు గ్యారంటీ తెమ్మన్నారు. తండ్రి ఆ శక్తి లేదన్నాడు. అది కాక మరో నాలుగున్నర లక్షలు అడిగారని ఆమె ఆరోపణ, అడగలేదని కాలేజీ జవాబు. 1992 జూలై 30న సుప్రీంకోర్టు విద్య జీవించే హక్కులో భాగమని, ఆ నోటిఫికేషన్ పేరు మార్చిన క్యాపిటేషన్ ఫీజేనని చెప్పి కొట్టేసింది. దేశమంతా చెప్పుకున్న ఆ తీర్పులో చివరి పేరా ఎక్కువమంది చదవరు. కోర్సు మొదలై చాలాకాలమైందని, ఆమె మెరిట్ మీద ఎంపికైన విద్యార్థి కాదని చెప్పి, ఆమెకు మాత్రం సీటు ఇప్పించలేదు. కేసు గెలిచిన అమ్మాయికి ఆ కాలేజీ దక్కలేదు.

ఆర్నెల్లు తిరిగేసరికి అదే ప్రశ్న మన రాష్ట్రం పేరుతోనే మళ్ళీ కోర్టు ముందుకొచ్చింది. 1993 ఫిబ్రవరి 4న వచ్చిన ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ తీర్పులో తెలుగువారైన జస్టిస్ బి.పి.జీవన్ రెడ్డి ఒక పథకం రాశారు. ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీల్లో సగం సీట్లు ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు. రెండూ మెరిట్ ప్రకారమే నింపాలి. పేమెంట్ సీటు విద్యార్థి ఫ్రీ సీటు విద్యార్థి భారాన్ని కొంత మోస్తాడు. 'నాకు ఫ్రీ సీటొచ్చింది' అని చెప్పుకునే మాట అప్పుడే మన ఇళ్ళలోకి వచ్చింది. ఆ పథకం ఫీజు తేడాకు ఊరిని ఆధారం చేసుకోలేదు, ర్యాంకును చేసుకుంది. 2002లో పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం టి.ఎం.ఎ.పాయ్ కేసులో దాన్ని పక్కన పెట్టేదాకా అది నడిచింది.

పక్క రాష్ట్రపు పిల్లవాడి దగ్గర ఎక్కువ వసూలు చేసే దారి మూసుకున్నాక కాలేజీల చూపు విదేశాల వైపు తిరిగింది. 2005లో ఇనాందార్ కేసులో సుప్రీంకోర్టు ఎన్నారై కోటాను 15 శాతం దాకా ఒప్పుకుంది. రెండు షరతులు పెట్టింది. ఆ సీట్లు నిజంగా ఎన్నారైల పిల్లలకే ఇవ్వాలి. వాళ్ళ దగ్గర వచ్చే అదనపు డబ్బును పేద విద్యార్థుల కోసం వాడాలి. మొదటి షరతు ఎలా అమలైందో ఇంజనీరింగ్, మెడికల్ అడ్మిషన్ల సంగతి తెలిసిన ప్రతి తెలుగు కుటుంబానికీ తెలుసు. అమెరికాలో ఉన్న మేనమామో, బాబాయో స్పాన్సర్ లెటర్ మీద సంతకం పెడితే గుంటూరు దాటని పిల్లవాడు ఎన్నారై అభ్యర్థి అయిపోయాడు. 2024లో పంజాబ్ ప్రభుత్వం మేనత్త, మేనమామల బంధుత్వాన్ని కూడా ఈ కోటాలోకి అధికారికంగా చేర్చబోతే హైకోర్టు కొట్టేసింది. సెప్టెంబరులో సుప్రీంకోర్టు అది మోసం తప్ప మరేమీ కాదని తేల్చేసింది.

ఎన్‌ఐటీల్లో దీనికి భిన్నమైన ఆలోచన ఒకటి ఉంది. విదేశాల్లో చదివే పిల్లల కోసం పెట్టిన డాసా పథకంలో ట్యూషన్ ఫీజు డాలర్లలో ఉంటుంది, సెమిస్టరుకు 4,000. కానీ గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకు అందులోనే ఒక వాటా విడిగా పెట్టి, వాళ్ళ దగ్గర ఇక్కడి విద్యార్థుల ఫీజే తీసుకుంటారు. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి గల్ఫ్ వెళ్ళినవాళ్ళలో భార్యాబిడ్డల్ని దగ్గర ఉంచుకుని చదివించగలిగేది కొద్దిమందే కాబట్టి దీని లాభం అందరికీ అందదు. అయినా దేశం బయట ఉన్న భారతీయుడంటే డాలర్లున్నవాడేనన్న ఊహను అది ఒప్పుకోలేదు. పథకం రాసినవాళ్ళు మస్కట్ జీతానికీ కాలిఫోర్నియా జీతానికీ ఉన్న తేడా గుర్తుపెట్టుకున్నారు.

2008లో వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ పెట్టాక స్థానికత మొదటిసారి నేరుగా పేదవాడి ఫీజును తేల్చే మాట అయింది. కాలేజీ అడిగే ఫీజు అందరికీ ఒకటే, ప్రభుత్వం కట్టేది మాత్రం అర్హులకే. ఆదాయం, కులంతో పాటు ఈ గడ్డ మీద చదివిన లెక్కా చూశారు. లక్షలమంది కూలీల, కౌలు రైతుల పిల్లలు ఇంజనీరింగ్ కాలేజీ గుమ్మం తొక్కింది ఆ పథకం వల్లనే. కాలేజీల నాణ్యత గురించి, బకాయిల గురించి ఎన్ని ఫిర్యాదులున్నా ఈ మాట కాదనలేం.

రాష్ట్రం రెండయ్యాక ఆ డబ్బు ఎవరు ఎవరికి కట్టాలన్న ప్రశ్న వచ్చింది. 2014 జూలై 30న తెలంగాణ ప్రభుత్వం 36వ నంబరు జీవో ఇచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ స్థానంలో ఫాస్ట్ అనే పథకం వస్తుందని, 1956 నవంబరు 1కి ముందు నుంచి తెలంగాణలో ఉన్న కుటుంబాల పిల్లలకే అది వర్తిస్తుందని చెప్పింది. సొంత రాష్ట్రం తెచ్చుకున్న ప్రజలకు తమ పన్నుల డబ్బు తమ పిల్లలకే దక్కాలన్న పట్టుదల ఉండటం సహజం. దశాబ్దాల పాటు నీళ్ళలో, నిధుల్లో, నియామకాల్లో తమకు జరిగిన నష్టాన్ని లెక్కగట్టుకున్నవాళ్ళు వాళ్ళు. కానీ ఆ తేదీ ఏ పిల్లవాడిని అడుగుతోంది? 2014లో ఇంటర్ పాసైన కుర్రాడు 1996లోనో 97లోనో పుట్టాడు. అతను పుట్టడానికి నలభై ఏళ్ళ ముందు తాత ఏ ఊళ్ళో ఉన్నాడో కాగితం చూపించాలి. కూకట్‌పల్లిలో పుట్టి, ఒకటో తరగతి నుంచి అక్కడే చదివిన పిల్లవాడికి ఆ ఏడాది ఫీజు ఎవరు కడతారో తెలియలేదు. తరతరాల తెలంగాణ కుటుంబమే అయినా, భూమి లేని కూలీ ఇంట్లో 1956 నాటి కాగితం ఎక్కడ దొరుకుతుంది? కాగితం అడిగినప్పుడల్లా మొదట దెబ్బతినేది అసలైన పేదవాడే. హైకోర్టు ప్రశ్నలు వేసింది. 2015లో ప్రభుత్వం ఆ జీవోను వెనక్కి తీసుకుని పాత పద్ధతికే వచ్చింది. అలా వెనక్కి తగ్గడం ఆ ప్రభుత్వం చేసిన మంచి పనుల్లో ఒకటిగా నేను లెక్కపెడతాను.

పౌరసత్వం ఈ కథలోకి గట్టిగా వచ్చింది 2021లో. అమెరికాలో పుట్టి, రెండు మూడేళ్ళ వయసులో తల్లిదండ్రులతో హైదరాబాద్ తిరిగొచ్చి, ఇక్కడి బడిలో చదువుకున్న పిల్లలు వేలల్లో ఉన్నారు. చేతిలో అమెరికా పాస్‌పోర్టు, దాంతో పాటు విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్ళకు ఇచ్చే ఓసీఐ కార్డు. 2009 నుంచి వాళ్ళు మెడికల్ ప్రవేశ పరీక్షలు రాయడానికి అర్హులు. 2021 మార్చి 4న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ వాళ్ళు ఎన్నారై సీట్లకో, సూపర్‌న్యూమరరీ సీట్లకో మాత్రమే అర్హులంది. తెలంగాణ ప్రైవేటు మెడికల్ కాలేజీలో కన్వీనర్ కోటా సీటుకు ఏడాదికి 60,000 అయితే, ఎన్నారై సీటుకు 20 లక్షలు దాటుతుంది. బెంచీ మారలేదు, ర్యాంకు మారలేదు, పాస్‌పోర్టు రంగును బట్టి ఫీజు ముప్పై రెట్లు దాటింది. 2023 ఫిబ్రవరి 3న సుప్రీంకోర్టు కేంద్రానికి ఆ అధికారం ఉందని ఒప్పుకుంటూనే, నోటిఫికేషన్ తేదీకి ముందు ఓసీఐ కార్డు తీసుకున్నవాళ్ళకు అది వర్తించదని చెప్పింది. ఆ తర్వాత కార్డు తీసుకున్నవాళ్ళకు రక్షణ లేదు.

అదే కష్టం అటువైపు మన పిల్లలకూ ఉంది. హెచ్1బీ మీద వెళ్ళిన తల్లిదండ్రులతో చిన్నప్పుడే వెళ్ళి టెక్సస్‌లోనో, న్యూజెర్సీలోనో పెరిగిన పిల్లలు, గ్రీన్‌కార్డు క్యూ కదలక, 21 నిండేసరికి తల్లిదండ్రుల వీసా నీడలోంచి బయటికొచ్చేస్తారు. స్టూడెంట్ వీసాకు మారాల్సి వస్తే చాలా చోట్ల ఆ రాష్ట్రపు ఫీజు పోయి, బయటివాళ్ళ ఫీజు నెత్తిన పడుతుంది. కిండర్‌గార్టెన్ నుంచి ఆ ఊళ్ళోనే చదివిన రికార్డు వాళ్ళ దగ్గర ఉంటుంది. దాన్ని చూసి లెక్కగట్టే 1974 నాటి మన పాత నియమం లాంటిది ఆ చోట్ల ఉంటే ఆ పిల్లలు స్థానికులే అయ్యేవాళ్ళు.

మరి ఆ పాత నియమం మన దగ్గర ఎలా ఉంది? విభజన చట్టం ఉమ్మడి ప్రవేశాలను పదేళ్ళు కాపాడింది. 2024 జూన్ 2తో అది ముగిసింది. ఆ జూలైలోనే తెలంగాణ 33వ నంబరు జీవోతో మెడికల్ ప్రవేశాల నియమాన్ని మార్చింది. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా నాలుగేళ్ళూ వరసగా తెలంగాణలోనే చదివి ఉండాలంది. ఏడేళ్ళలో ఎక్కువ కాలం ఎక్కడ చదివాడో చూసే వెసులుబాటు పోయింది. ఖమ్మంలో పుట్టి, ఖమ్మంలో టెన్త్ దాకా చదివి, నీట్ కోచింగ్ కోసం విజయవాడ హాస్టల్లో రెండేళ్ళు ఇంటర్ చేసిన అమ్మాయి నాన్‌లోకల్ అయిపోయింది. ఉమ్మడి రాష్ట్రంలో ఆమె అన్న అదే కాలేజీలో చదివినా ఆ ఏడేళ్ళ లెక్క వల్ల లోకల్‌గానే ఉన్నాడు. కన్వీనర్ సీటు చేజారితే మిగిలేది మేనేజ్‌మెంట్ కోటా అనే బీ కేటగిరీ. అక్కడ ఫీజు లక్షల్లో ఉంటుంది. హైకోర్టు నియమాన్ని సడలించింది, కోర్టుకు వెళ్ళిన విద్యార్థులకు ఆ ఏడాదికి ప్రభుత్వం మినహాయింపు ఇచ్చింది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు జీవోను సమర్థించింది. ఉద్యోగరీత్యా రాష్ట్రం బయట పనిచేసే తెలంగాణ ప్రభుత్వోద్యోగుల్లాంటివాళ్ళ పిల్లలకు మాత్రం సడలింపు దక్కింది.

చదివిన చోటునే చూడమన్న మూలసూత్రం ఈ జీవోలోనూ ఉంది, అందుకని దాన్ని పూర్తిగా కాదనను. నా అభ్యంతరం దాన్ని అమలు చేసిన తీరు మీదే. 2024 జూలైలో వచ్చిన నియమం, 2022లో ఇంటర్ కాలేజీ ఎంచుకున్న పిల్లల మీద పడింది. ఆ రోజు హాస్టల్ ఫారం మీద సంతకం పెట్టిన తండ్రికి, ఆ సంతకంతో కూతురి స్థానికత పోతుందని చెప్పినవాళ్ళు లేరు. నాలుగేళ్ళ చదువును కొలిచే నియమాన్ని, అది వెలువడిన తర్వాత తొమ్మిదో తరగతిలో చేరిన పిల్లల నుంచే వర్తింపజేయాలి. మొదటి బ్యాచ్ 2029లో నీట్ రాసేది. ఈలోగా పరీక్ష రాసే నాలుగు బ్యాచ్‌లకు పాత ఏడేళ్ళ లెక్కే ఉంచి ఉంటే రాష్ట్రానికి పోయేదేమీ లేదు.